మిల్లులో దాగిన 17 శాతం

ఉత్పాదకత అనగానే మన విధానకర్తల చూపు కొత్త యంత్రాల మీదికి, వాటికిచ్చే సబ్సిడీల మీదికి పోతుంది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు 2008లో ముంబై దగ్గరి బట్టల మిల్లుల్లో మొదలుపెట్టిన ప్రయోగాన్ని ఈ విధానకర్తలు శ్రద్ధగా చదవాలి.

మొత్తం 17 సంస్థలు, 28 మిల్లులు. చాలాచోట్ల చెత్త, పనిముట్లు కుప్పలుగా పడి ఉండేవి. గోదాములో ఏ నూలు ఎంతుందో సరైన లెక్క లేదు. మగ్గం చెడిపోయాకే మరమ్మతు. కొన్ని మిల్లులకు నెలల తరబడి నిపుణుల సలహా ఉచితంగా ఇప్పించారు. సరుకు లెక్క, లోపాల నమోదు, యంత్రాల సంరక్షణ వంటి మామూలు పద్ధతులే నేర్పారు. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది!

ఇంత లాభముంటే యజమానులు ముందే ఎందుకు చేయలేదు? కొందరికి ఆ పద్ధతులు తెలియవు, తెలిసినవారికి వాటి మీద నమ్మకం లేదు. మరో కారణం ఇంకా లోతైనది. బయటి మేనేజర్ మోసం చేస్తే కోర్టులో త్వరగా న్యాయం దొరకదన్న భయంతో పెత్తనాన్ని కుటుంబం దాటనివ్వరు. ఇంట్లో మగవాళ్లు ఎందరున్నారో చూసుకుని, అంతవరకే సంస్థను పెంచుతారు. ఆ ఇళ్లలోని ఆడపిల్లల తెలివి లెక్కలోకే రాకపోవడం ఎంత నష్టం!

చిన్న పరిశ్రమల రాయితీల్లో కొంత ఇలాంటి శిక్షణకు కేటాయించాలి. వాణిజ్య వివాదాలు ఏళ్ల తరబడి నానకుండా కోర్టుల్లో ఖాళీలు నింపాలి. ఉత్పత్తి తగ్గిందని కార్మికుణ్ణి నిందించే యజమాని ముందుగా తన గోదాము లెక్క చూసుకోవాలి.