అన్న కోసం ఒక విమానం

యుద్ధకాలం నాటి బాంబర్ విమానాన్ని బాగుచెయ్యడానికి ఏళ్ళకేళ్ళు ఖర్చు పెడతారు కొందరు. "ఇదేం పిచ్చి, ఆ డబ్బుతో నాలుగు మంచి పనులు చెయ్యొచ్చుగా" అంటారు వినేవాళ్ళు. మా ఇంట్లోనూ అదే మాట. నేను మాత్రం ఆ పిచ్చి వైపే.

ఎందుకంటే, ఇంగ్లండులో లింకన్‌షైర్‌కి చెందిన పాంటన్ కుటుంబం కథ నాకు తెలుసు. ఆ ఇంటి అబ్బాయి క్రిస్టఫర్ బాంబర్‌లో ఫ్లైట్ ఇంజనీర్. 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్ మీద దాడికి వెళ్ళి తిరిగి రాలేదు. వయసు 19 ఏళ్ళు. తమ్ముళ్ళు ఫ్రెడ్, హెరాల్డ్ కోళ్ళ ఫారం నడుపుకునే రైతులు. అన్న పోయిన 39 ఏళ్ళకి, 1983లో, ఒక లాంకాస్టర్ బాంబర్ కొన్నారు. ఈస్ట్ కర్క్‌బీలో తమ చేతికొచ్చిన పాత యుద్ధకాలపు ఎయిర్‌ఫీల్డ్ స్థలానికి తెచ్చి, మ్యూజియం పెట్టారు. మూగబోయిన నాలుగు ఇంజన్లూ మళ్ళీ తిరిగాయి. ఇప్పుడా విమానం జనాన్ని ఎక్కించుకుని నేల మీద పరుగులు తీస్తుంది.

విచిత్రం ఏమిటంటే, అది అన్న ఎక్కిన విమానం కాదు. ఆయన వెళ్ళింది హాలిఫాక్స్‌లో. ఈ లాంకాస్టర్ 1945లో తయారైంది, యుద్ధంలో ఒక్క బాంబూ వెయ్యలేదు. అయితేనేం? మనం తద్దినం పెట్టేటప్పుడు విస్తరి ముందు కూర్చునేదీ పోయిన మనిషి కాదుగా!

మన ఇళ్ళల్లో చూడండి. పోయిన బిడ్డ ఊసెత్తితే అమ్మ ఏడుస్తుందని అందరూ నోరు కట్టేసుకుంటారు. కొన్నేళ్ళకి ఆ పేరే ఇంట్లో వినపడదు. చేతికి ఒక పని ఉంటే పేరు దానంతటదే నోటికొస్తుంది. తుప్పు గీకుతూ, రివెట్లు కొడుతూ ఆ అన్నదమ్ములు చేసింది అదే అనుకుంటాను.

అయితే ఒక్క షరతు. బ్రిటన్ బాంబర్లలో వెళ్ళినవాళ్ళలో 55,000 మందికి పైగా చనిపోయారు. ఆ బాంబుల కింద, 1943 జూలై దాడుల్లో ఒక్క హాంబర్గ్‌లోనే 30,000 మందికి పైగా పోయారు. వాళ్ళలో తల్లులున్నారు, చంటిపిల్లలున్నారు. ఇలాంటి విమానం ఎక్కడ నిలబెట్టినా వాళ్ళ మాట కూడా అక్కడే, అంత పెద్ద అక్షరాలతోనే ఉండాలి. పిల్లల్ని తీసుకెళ్ళే అమ్మలు ఆ రెండో సగం కూడా చెప్పాలి. ఇంజన్ల హోరుకి చప్పట్లు కొట్టి వచ్చేస్తే అది తద్దినం అవదు, తిరణాల అవుతుంది.