ఒక సుల్తాన్, ఒక నెల పాఠం

ఇంటి వద్దనే పిల్లలకు చదువు చెప్పే తల్లులు, చరిత్రను ఎక్కడ ప్రారంభించాలని అడుగుతుంటారు. గోల్కొండ సుల్తాన్ ఇబ్రాహీం కులీ కుతుబ్ షాహ్‌తో ప్రారంభించండి; ఒక నెల ఆయనతోనే గడపండి. యౌవనంలో ఆయన విజయనగరం చేరి, అళియ రామరాయల ఆశ్రయంలో సుమారు ఏడేళ్ళు ఉన్నాడు. 1550లో సింహాసనమెక్కి తెలుగు కవులను ఆదరించాడు, వారాయనను 'మల్కిభరాము'డన్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానము'ను ఆయనకే అంకితమిచ్చాడు. 1565లో అదే రామరాయలపై యుద్ధానికి కదిలిన సుల్తానులలో ఆయనా ఒకడు.

ఈ చివరి భాగాన్ని దాటవేయాలనిపిస్తుంది. నేనూ కొన్నేళ్ళు దాటవేశాను. ఒక విద్యార్థి బయట విని వచ్చి, "మాకెందుకు చెప్పలేదు హజ్రత్?" అన్నాడు. నా వద్ద సమాధానం లేదు.

"ఆశ్రయమిచ్చినవారిపైనే యుద్ధమా?" అని మీ పిల్లలడిగితే తొందరపడి సమర్థించకండి. సుల్తానుల తగవులలో రామరాయలు ఒకసారి ఒకరి పక్షం, మరోసారి మరొకరి పక్షం వహించిన సంగతీ చెప్పండి. ఆపై వాదన వారికే వదలండి.