కుర్చీ సరే, కసరత్తేదీ?

తెలంగాణలో పది విశ్వవిద్యాలయాల ఉపకులపతుల పదవీకాలం 2024 మే 21న ఒకేసారి ముగిసింది. ఆ కుర్చీల్లో ఇన్‌చార్జిలుగా ఐఏఎస్ అధికారులు కూర్చున్నారు. తొమ్మిదింటికి పూర్తిస్థాయి వీసీలు వచ్చేసరికి అక్టోబర్ సగం దాటింది. 2019లో మొదలైన ఇలాంటి నిరీక్షణే 2021 మే దాకా సాగింది. ఖాళీ అయ్యే తేదీ మూడేళ్ల ముందే తెలిసిన పదవికి మనిషిని వెతకడానికి ఇంత ఆలస్యమా!

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్‌గా గానీ, పేరున్న పరిశోధన లేదా విద్యాపాలన సంస్థలో గానీ పదేళ్ల అనుభవం ఉండాలి. సెర్చ్ కమిటీ మూడు నుంచి ఐదు పేర్లు సూచిస్తే కులపతి ఒకరిని ఎంచుకుంటారు. ఒకే పేరు పంపడం చెల్లదంటూ కేరళలోని ఏపీజే అబ్దుల్ కలాం సాంకేతిక విశ్వవిద్యాలయం వీసీ నియామకాన్ని 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎంచుకునేది గవర్నరా, ప్రభుత్వమా అన్న పేచీ ఇంకొన్ని రాష్ట్రాల్లోనూ ముదిరింది. ఎవరి మాట నెగ్గినా, ఆ వచ్చే మనిషి ఈ పనికి ఎక్కడ తయారయ్యారన్నది ఎవరూ అడగరు.

మన ప్రొఫెసర్లకు పాలన రుచి తెలిసేది శాఖాధిపతి అయ్యాకే. చాలాచోట్ల అది సీనియారిటీ వరసలో వంతుకొచ్చే పదవి. టైంటేబుళ్లు, సెలవు చీటీలు చూసేలోగా వంతు పక్కవారికి పోతుంది. మెస్ బిల్లుల గొడవను అర్ధరాత్రి కూర్చుని తేల్చిన హాస్టల్ వార్డెన్ నేర్చుకున్నది ఎక్కువే కానీ, బయోడేటాలో అది ఒక్క ముక్క. అలాంటివారిపై ఒక్కసారిగా జీతాలు, పింఛన్లు, కోర్టు కేసులు, భర్తీకాని పోస్టులు వచ్చిపడతాయి.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వీసీ అయిన కట్టమంచి రామలింగారెడ్డి అంతకుముందే మైసూరులో కాలేజీ ప్రిన్సిపాల్‌గా, విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా చేసి వచ్చారు. ఇప్పుడా మెట్లెక్కడ? 2018లో కేంద్రం సీనియర్ అధ్యాపకులకు ‘లీప్’ పేరుతో మూడు వారాల నాయకత్వ శిక్షణ మొదలుపెట్టింది. మంచిదే, కానీ వీసీ అర్హతల్లో దానికి చోటివ్వలేదు.

పరిశ్రమలు, ప్రభుత్వ పాలనలో పదేళ్ల సీనియర్ అనుభవం ఉన్నవారూ వీసీ కావచ్చని 2025 జనవరిలో యూజీసీ ముసాయిదా ప్రతిపాదించగానే అధ్యాపక సంఘాలు మండిపడ్డాయి. వారి భయం ఉత్తిది కాదు. అయితే లోపల సమర్థులు లేరనే వాదనకు సందిచ్చింది వంతుల పద్ధతే.

2024 అక్టోబర్‌లో వచ్చిన ఆ తొమ్మిది మందికీ మూడేళ్ల లెక్కన గడువు 2027 అక్టోబర్. సెర్చ్ కమిటీలు ఈసారైనా ఆ వేసవిలోపు కూర్చుంటాయా?