కానుగకాయల వరస

పార్కులో ఆ పిల్లాడు ఎంతకీ ఉయ్యాల దిగడు. వెనక పిల్లలు వరస కట్టారు. ''పిల్లాడికి కాస్త చెప్పుకోవచ్చు కదమ్మా'' అన్నారొక పెద్దాయన. ''వాడికి ఆటిజం అండీ'' అంది తల్లి, నేరం ఒప్పుకున్నట్టు.

ఆ ఊపు వాడికి వట్టి ఆట కాదు. మిక్సీ మోత, కుక్కర్ విజిల్, వీధిలో హారన్లు... మనకు పట్టని చప్పుళ్లన్నీ ఇలాంటి పిల్లలు కొందరి మీద ఒక్కుమ్మడిగా విరుచుకుపడతాయి. ఒకే లయలో ఊగుతుంటే ఒళ్లు కుదుటపడుతుంది. ఇసుకలో చేతులు పెట్టుకు కూర్చుంటే నెమ్మదించేవాళ్లూ ఉన్నారు. ఆ ఇసుక అంటుకుంటేనే ఏడ్చేవాళ్లూ ఉన్నారు!

అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ సమస్య ఉన్న 17 మంది పిల్లలను పార్కులో, నగరం నడిబొడ్డున, ఇళ్ల మధ్య వీధుల్లో విడివిడిగా 20 నిమిషాల చొప్పున నడిపించి చూశారు. పార్కులో నడిచొచ్చాకే ఏకాగ్రత ఎక్కువగా నిలిచిందని 2009లో ప్రచురించారు. పదిహేడుగురంటే చిన్న లెక్కే. చెట్టుకు డాక్టరు పట్టా ఇచ్చేయనక్కర్లేదు.

మనవాళ్లు ఇచ్చేస్తారేమోనన్నదే బెంగ. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ట్యూషన్ల మధ్య నలిగే పిల్లాడికి రేపు ఫీజు కట్టించుకుని చెట్టు కిందా మార్కులు వేస్తారు. ఉత్తర ఐర్లాండ్‌లో డారా మెకానల్టీ అనే ఆటిజం ఉన్న కుర్రాడు పక్షుల గురించి, పురుగుల గురించి రాసుకున్న డైరీ 2020లో పుస్తకమై వెయిన్‌రైట్ బహుమతి అందుకుంది. వాటి వెంట అతణ్ని నడిపించింది మార్కులు కాదు, ఇష్టం.

ఆ ఇష్టం పుట్టాలంటే ముందు గడ్డి మీద కాలు పెట్టనివ్వాలి. మన పార్కుల్లో 'తొక్కరాదు' బోర్డులకు కొదవలేదు. గేటుకు సరైన గొళ్లెం మాత్రం ఉండదు. చెప్పాపెట్టకుండా పరుగుతీసే పిల్లలున్న తల్లికి, అందులోనూ పక్కనే చెరువుంటే, ఆ గొళ్లెమే ప్రాణం. వినోదంలోనూ సమాన హక్కుందని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. గొళ్లెం, కాస్త నీడ, సందడి లేని ఒక మూల... ఇవేం పెద్ద ఖర్చులు కావు.

పిల్లాడు తనంతట తనే ఉయ్యాల దిగాడు. కానుగచెట్టు కింద రాలిన కాయలేరి దారికడ్డంగా ఒక్కొక్కటే వరసగా పేర్చసాగాడు. పెద్దాయన చెప్పు ఆ వరస మీద పడబోయి ఆగింది. ఆయన పక్కనున్న గడ్డి తొక్కుకుంటూ చుట్టూ తిరిగి వెళ్లారు.