ఎనిమిది వేయడానికి ఎంత దూరం?

డ్రైవింగ్ పరీక్ష పెట్టే మైదానాన్ని ఊళ్ళోంచి ఊరి బయటికి మార్చినప్పుడు అధికారులు చెప్పే కారణాల్లో అబద్ధమేమీ ఉండదు. పాత చోటు ఇరుకు. కారుతో హెచ్ వేయాలన్నా, బండితో ఎనిమిది వేయాలన్నా, మిట్ట మీద కారు ఆపి వెనక్కి జారకుండా కదిలించాలన్నా జాగా కావాలి. కెమెరాలు, సెన్సర్లు పెట్టాలంటే ఇంకా కావాలి. అంత జాగా ఊరి నడిమధ్య ఎక్కడిది? ఒకప్పుడు ఆఫీసు ముందు చెట్టు నీడన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నిలబడి, ‘ఆ మూల దాకా పోయిరా’ అనేవాడు. పోయొచ్చినవాడికి లైసెన్సు వచ్చేది. ఆ పద్ధతి పోయినందుకు ఎవరూ బాధపడక్కర్లేదు.

నా పేచీ ఇంకోటి. ఆ కొత్త మైదానానికి వెళ్ళాల్సింది ఎవరు? ఒంటరిగా బండి నడిపే హక్కు ఇంకా రానివాళ్ళు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో మూడోది చూడండి. ఎల్ఎల్ఆర్ మాత్రమే ఉన్న మనిషి బండికి ముందూ వెనకా ఎర్రని ఎల్ అక్షరం కనబడాలి, పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి. అంటే పరీక్షకు బండి నడుపుకుంటూ ఒక్కరే వెళ్ళడం చట్టప్రకారం కుదరదు. ఊళ్ళో ఉన్నంతకాలం ఇది పెద్ద ఇబ్బంది కాలేదు. అన్నయ్యో, బాబాయో ఆఫీసుకు పోతూ ఓ గంట ఆగేవాడు. మైదానం ముప్పై కిలోమీటర్ల అవతలికి పోయిందంటే ఇద్దరి రోజు పోయినట్టే. స్కూటీ నేర్చుకుంటున్న గృహిణి వెంట భర్త సెలవు పెట్టాలి. తాపీ పనివాడి వెంట ఇంకో తాపీ పనివాడు కూలి మానుకోవాలి.

అందుకే చాలామంది ఏం చేస్తారో అందరికీ తెలుసు. లైసెన్సు లేకుండా, ఒంటరిగా, లారీల మధ్య హైవే మీద అంత దూరమూ నడుపుకుంటూ వెళ్ళి, మైదానంలో కాలు కింద పెట్టకుండా ఎనిమిది వేసి, నాకు బండి నడపడం వచ్చునని రుజువు చేసుకుని, తిరిగి అలాగే ఇంటికొస్తారు. దారిలో పట్టుబడితే, లైసెన్సు లేని డ్రైవింగుకు 2019 చట్ట సవరణ తర్వాత జరిమానా 5,000 రూపాయలు. నిజానికి ఆ రోజు వాళ్ళు రాసిన గట్టి పరీక్ష హైవే మీదిదే. దానికి మార్కులు లేవు.

హైదరాబాద్ సంగతే తీసుకుందాం. ఖైరతాబాద్ రవాణా ఆఫీసంటే నగరంలో తెలియనివాళ్ళుండరు. లక్షలు పలికే 9999 లాంటి నంబర్లు దానివే. కానీ అక్కడ పరీక్షకు ట్రాక్ లేదు. ఆ పరిధిలోవాళ్ళు ఎనిమిది వేయడానికి నగరం తూర్పు కొసన ఉన్న నాగోల్‌కు పోవడం ఏళ్ళ తరబడి మామూలైపోయింది. మెట్రో ఉంది కదా అంటారా? ఖైరతాబాద్‌లో ఎక్కి, అమీర్‌పేటలో లైను మారి, చివరి స్టేషన్ నాగోల్‌లో దిగొచ్చు. దిగాక మళ్ళీ ఆటో. అన్నిటికంటే ముఖ్యం, బండి మెట్రో ఎక్కదు. పరీక్షకు బండి మనమే తెచ్చుకోవాలని మరిచిపోకండి. లేదంటే గేటు దగ్గర అద్దెకు దొరుకుతుంది, అంతకుముందు ఎన్నడూ ముట్టుకోని క్లచ్చుతో.

ఏజెంటు బేరం ఇక్కడే మొదలవుతుంది. సర్కారు ఫీజు చూస్తే పెద్దదేం కాదు. పరీక్షకు ఒక్కో తరగతి వాహనానికి 300, లైసెన్సు జారీకి 200. మనిషి భయపడేది ఫీజుకు కాదు, ఫెయిలవడానికి. ఫెయిలైతే చట్టప్రకారం ఏడు రోజులాగి మళ్ళీ రావాలి. మూడుసార్లు తప్పితే అరవై రోజుల దాకా ఆ గేటు వైపు చూడకూడదు. పక్కవీధిలో మైదానం ఉంటే మళ్ళీ రావడం ఓ పొద్దుటి పని. దూరమైతే మళ్ళీ రెండు సెలవులు, పెట్రోలు, బతిమాలుకోవడాలు. దాంతో బండి, తోడు మనిషి, రానూపోనూ, ‘లోపల మేం చూసుకుంటాం’ అనే అభయం అన్నీ కలిపి ఒక్క రేటుకు ఇచ్చేవాడి మాట వినాలనిపిస్తుంది. సెన్సర్లు పెట్టింది మధ్యవర్తిని తప్పించడానికేనంటారు. మైదానాన్ని దూరంగా పెట్టి అతనికి కొత్త గిరాకీ మనమే ఇస్తున్నాం.

బ్రిటన్‌లో పరీక్ష కేంద్రం ఎత్తేసినా, మార్చినా స్థానికంగా గొడవ అవుతుంది. అక్కడ పరీక్ష మామూలు రోడ్ల మీద జరుగుతుంది గనక కేంద్రం మారితే నేర్చుకోవాల్సిన దారులూ మారతాయి, నేర్పేవాళ్ళకూ చిక్కే. అక్కడి పరీక్షల సంస్థ పాటిస్తూ వచ్చిన లెక్క ఒకటి నాకు నచ్చింది. చదరపు కిలోమీటరుకు 1,250 మంది, అంతకు మించి ఉన్నచోట ఎక్కువమందికి కేంద్రం 7 మైళ్ళలోపే ఉండాలి. అంటే సుమారు 11 కిలోమీటర్లు. జనం పలచబడే కొద్దీ 20 మైళ్ళు, 30 మైళ్ళు. అది అన్నిచోట్లా అమలైందని నేననను, అక్కడా స్లాట్ల కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్నారు. కనీసం దూరానికి ఒక హద్దు ఉండాలని కాగితం మీద రాసుకున్నారు. 2011 జనాభా లెక్కల్లోనే చదరపు కిలోమీటరుకు 18,000 మంది పైచిలుకు తేలిన హైదరాబాద్ జిల్లాకు అలాంటి లెక్క వేసినవాళ్ళెవరు?

రాష్ట్రంలో ఏ లైసెన్సింగ్ అధికారి దగ్గరికైనా పోవచ్చని 2019 సవరణ చెబుతోంది కదా, దగ్గరిది చూసుకోండి అనొచ్చు. అన్ని మైదానాలూ ఊరి బయటే ఉన్నప్పుడు దగ్గరిది అనే మాటకు విలువ తక్కువ.

కార్ల సంగతి వదిలేయండి. వాటికి పెద్ద మైదానం కావాలి, దూరమైనా సరే. దేశంలో నమోదైన వాహనాల్లో నాలుగింట మూడు వంతులు రెండు చక్రాలవే. 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 44 శాతం పైన వాటి మీద వెళ్తున్నవాళ్ళే. ఎనిమిది వేయించడానికి ఎకరాలు అక్కర్లేదు, సున్నపు గీతలు గీసిన హైస్కూలు గ్రౌండు మూల చాలు. ఎల్ఎల్ఆర్ మేళాలు పెట్టి మండలాలకు కంప్యూటరుతో సహా తరలివెళ్ళే యంత్రాంగం, అసలు పరీక్ష దగ్గరికొచ్చేసరికి ఎందుకు కదలదు? మేళాలో ఎల్ఎల్ఆర్ తీసుకున్న కుర్రాళ్ళు ఎందరో ఆరు నెలల గడువు దాటించేసి, అదే చిత్తుకాగితం జేబులో పెట్టుకు తిరుగుతున్నారు. మండలానికి నెలకో రోజు ఇన్‌స్పెక్టర్ వస్తే వాళ్ళలో సగంమందైనా లైసెన్సు తీసుకుంటారని నా నమ్మకం. సెన్సర్లు లేకపోతే పారదర్శకత ఎలా అంటే, స్తంభానికో కెమెరా కట్టి మొత్తం రికార్డు చేయండి.

అదీ కుదరదంటే, మైదానం మారుస్తూ ఉత్తర్వు ఇచ్చేముందు ఆర్టీసీ డిపో మేనేజరుతో ఒక్కసారి మాట్లాడండి. దూరపు పల్లె నుంచి తొలి బస్సు అక్కడికి ఎన్నింటికి చేరుతుందో కనుక్కుని, ఆ ఊళ్ళవాళ్ళకు స్లాట్లు ఆ తర్వాతే పెట్టండి. తోడు వచ్చే లైసెన్సుదారుడు దొరకనివాళ్ళ కోసం గేటు దగ్గరే రెండు స్కూటర్లు, ఒక కారు ఉంచి, వాటి అద్దె ఎంతో బోర్డు మీద రాయించండి.