అడిగితేనే అంగన్‌వాడీ

జూన్ నెల వచ్చిందంటే మన బస్తీలలో ఒకే దృశ్యం. ఆటో నడిపే తండ్రి, బీడీలు చుట్టే తల్లి మూడేళ్ళ బిడ్డను వెంటబెట్టుకొని సందు చివరి కాన్వెంటుకు వెళ్ళి, ఎల్.కె.జి. ఫీజును వాయిదాలలో కట్టనిమ్మని బతిమాలుతూ ఉంటారు. రెండు వీధుల అవతల ప్రభుత్వ సొమ్ముతో నడిచే అంగన్‌వాడీ కేంద్రం తలుపులు తెరిచే ఉంటుంది. అక్కడ పైసా ఖర్చు లేదు. అయినా మన పిల్లలు అక్కడ కనిపించరు. కారణం అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. ఈ నాలుగింటినీ ఈసారి నిదానంగా పరిశీలిద్దాం.

మొదటి జవాబు: "అది మనకు కాదు, తెల్లకార్డు వాళ్ళకు." ఇది పూర్తిగా పొరపాటు. ఉపకార వేతనానికి ఆదాయ పత్రం, బి.సి.-ఇ రిజర్వేషన్‌కు కుల ధృవీకరణ పత్రం తెచ్చి తెచ్చి అలసిపోయిన మనకు, అటువంటి పత్రమేదీ అక్కరలేని పథకం ఒకటి ఉందంటే నమ్మకం కలగదు. కాని ఉన్నది. దారిద్ర్యరేఖకు దిగువన ఉండడాన్ని అంగన్‌వాడీ సేవలకు అర్హతగా పెట్టరాదని సుప్రీంకోర్టు 2004 అక్టోబరులోనే ఆదేశించింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ లోపు ప్రతి బిడ్డా, ప్రతి గర్భిణీ, ప్రతి బాలింతా అర్హులే. మతం, కులం, ఆదాయం అడగరాదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ఐదవ సెక్షన్ ఈ వయసు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారాన్ని చట్టబద్ధమైన హక్కుగా చేసింది. మూడు నుంచి ఆరేళ్ళ బిడ్డకు రోజుకు ఎన్ని కేలరీలు, ఎంత మాంసకృత్తులు ఇవ్వాలో అదే చట్టం రెండవ షెడ్యూలు చెబుతున్నది. ఇవ్వలేకపోతే ఆహార భద్రతా భత్యం చెల్లించాలని కూడా చట్టంలోనే ఉంది. హక్కుగా వచ్చేదాన్ని దానంగా భావించి సిగ్గుపడడం మనకు మనం చేసుకునే అన్యాయం.

రెండవ జవాబు: "అక్కడ తిండే తప్ప చదువు లేదు." ఇందులో కొంత నిజం ఉన్నది. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో మొదలైన ఈ పథకంలో ఆరు సేవలు ఉన్నాయి: అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైన వారిని ఆసుపత్రికి పంపడం, తల్లులకు పోషణ-ఆరోగ్య విద్య, మూడేళ్ళు నిండిన పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య. వీటిలో చివరిదే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురవుతున్నది. ఒక టీచరు, ఒక ఆయా. వంట, తూకాలు, సర్వేలు, ఫోనులో నమోదులు అన్నీ వారి నెత్తినే. పోషకాహార ఖర్చును కేంద్రం, రాష్ట్రం చెరిసగం, మిగిలిన ఖర్చును 60:40గా పంచుకుంటాయి. టీచరుకు దక్కేది జీతం కాదు, గౌరవ వేతనం. గ్రాట్యుటీ హక్కు కోసం కూడా వారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2022లో గెలవవలసి వచ్చింది. అటువంటి టీచరును నిందించడం తేలిక. అయితే పిల్లలు రాని కేంద్రంలో చదువు ఎలా నిలబడుతుంది? నెలకొకసారి పదిమంది తల్లులు వెళ్ళి, "ఈ నెల ఏ పాటలు, ఏ ఆటలు, ఏ కథలు నేర్పారు?" అని మర్యాదగా అడిగితే ఆ కేంద్రం తీరు మారుతుంది. పైగా మూడేళ్ళ బిడ్డచేత బలవంతంగా అక్షరాలు దిద్దించడం చదువు కానేకాదు. ఆ వయసుకు ఆటే చదువు. ఈ సంగతి కాన్వెంటు మోజులో మనం మరచిపోయాం.

మూడవ జవాబు: "మా పిల్లలకు తెలుగు రాదు." ఇది నిజమైన ఫిర్యాదు. ఇంట్లో అమ్మీ, అబ్బా అని పిలిచే బిడ్డకు కేంద్రంలో వినిపించే ప్రతి మాటా కొత్తే. ఆ బిడ్డ మౌనంగా ఒక మూల కూర్చుంటే మందబుద్ధి అని ముద్ర వేస్తారు. చిన్నపిల్లల బోధన ఇంటిభాషలో సాగాలని 2020 జాతీయ విద్యా విధానం సూచించింది. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషా బోధన సౌకర్యం కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతున్నది. తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉర్దూ రెండవ అధికార భాష. కాబట్టి మన జనాభా ఎక్కువగా ఉన్న వాడలలో ఉర్దూ తెలిసిన టీచరును కోరడం గొంతెమ్మ కోరిక కాదు. తెలుగును కాదనమని దీని అర్థం కాదు. తెలిసిన మాటనుంచి తెలియని మాటకు బిడ్డను చేయిపట్టి నడిపించమనే మన విన్నపం. స్థానికంగా నివసించే మహిళనే టీచరుగా ఎంపిక చేయాలన్నది నిబంధన. ఖాళీల ప్రకటన వెలువడినప్పుడు మన వాడలో చదువుకున్న ఆడపిల్లల చేత దరఖాస్తు చేయిస్తున్నామా? ఈ ప్రశ్న మనల్ని మనం వేసుకోవాలి.

నాలుగవ జవాబు అన్నిటికంటె బరువైనది: "మా మొహల్లాలో సెంటరే లేదు." జనాభా 400 నుంచి 800 ఉన్న ప్రతి ఆవాసానికి ఒక కేంద్రం, 150 నుంచి 400 ఉంటే మినీ కేంద్రం ఉండాలన్నది ప్రమాణం. అల్పసంఖ్యాకులు గణనీయంగా ఉన్న ప్రాంతాలలో నిర్ణీత శాతం కేంద్రాలను నెలకొల్పాలని 2006లో ప్రకటించిన ప్రధానమంత్రి కొత్త 15 సూత్రాల కార్యక్రమం మొదటి సూత్రమే చెప్పింది. అన్నిటినీ మించి, 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉన్నది. ఆరేళ్ళలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, కేంద్రం లేని గ్రామీణ ఆవాసమైనా, పట్టణ మురికివాడైనా కోరితే చాలు, కోరిన నాటి నుంచి మూడు నెలలలోగా కేంద్రం ఇవ్వాలి. ఈ తీర్పు వచ్చి ఇన్నేళ్ళయినా దానిని ఉపయోగించుకున్న మన బస్తీలు ఎన్ని?

జీవితమంతా సర్కారీ ఫైళ్ళ మధ్య గడిపిన అనుభవంతో ఒక మాట. నోటితో చెప్పిన మొర ఆఫీసు గడప దాటదు. కాగితం మీద పెట్టి, తేదీ వేసి, ఇన్‌వార్డు నంబరు వేయించుకున్న అర్జీకి మాత్రం ఎవరో ఒకరు జవాబు చెప్పక తప్పదు. కాబట్టి మస్జిద్ కమిటీలు, మహిళా సంఘాలు ఈ పని చేయాలి. ఇంటింటికీ తిరిగి ఆరేళ్ళలోపు పిల్లల పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరుతో జాబితా రాయాలి. నలభై దాటగానే తల్లుల సంతకాలతో సి.డి.పి.ఓ.కు అర్జీ ఇచ్చి, నకలు కలెక్టరుకు పంపాలి. రసీదు తీసుకోకుండా వెనుదిరగరాదు. మూడు నెలలు దాటితే ఆ రసీదుతోనే పై అధికారుల వద్దకు వెళ్ళాలి. కేంద్రం ఉండి కూడా ఆహారం అందనిచోట జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి, అక్కడా న్యాయం జరగకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు చెప్పుకోవచ్చు.

మరొక చిక్కు కొత్తగా వచ్చింది. ఇంటికిచ్చే పోషకాహారానికి 2025 జూలై నుంచి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. పర్దా పాటించే తల్లులు దీనికి జంకి, తమ వంతును వదులుకోవలసిన పనిలేదు. ఫోటో తీసేది అంగన్‌వాడీ టీచరే, ఆమె స్త్రీయే. మగవారు లేని సమయంలో, గది లోపల తీయమని అడగడానికి సంకోచించవద్దు. బిడ్డకు ఆధార్ లేదని తిప్పి పంపితే, తల్లి ఆధార్ చాలునని కేంద్ర మంత్రిత్వ శాఖే స్పష్టం చేసిన సంగతిని గుర్తుచేయండి.

ఆరేళ్ళు నిండాకనే నిర్బంధ విద్యా హక్కు మొదలవుతుంది. అంతకు ముందటి కాలాన్ని రాజ్యాంగం 45వ అధికరణం రాజ్యం చేయవలసిన ప్రయత్నంగా మాత్రమే పేర్కొన్నది. ఆ ప్రయత్నం అడిగినవారి వాడకే ముందుగా చేరుతుంది. కళాశాల సీట్ల కోసం, కొలువుల కోసం మనం గళమెత్తుతున్నాం, అది అవసరమే. కాని ఆ సీటుకు చేరే నిచ్చెన తొలి మెట్టు మూడేళ్ళ వయసులోనే ఉన్నది. వచ్చే జుమా నమాజు తరువాత ప్రతి మస్జిద్ వద్ద ఒక నోటుపుస్తకం తెరవండి. మొదటి పేజీలో మొదటి బిడ్డ పేరు రాయండి.