అన్నయ్యకు ఏమిద్దాం?

పిల్లలూ! పదిహేనేళ్ళ అన్నయ్యకో, అక్కయ్యకో పుట్టినరోజు వస్తున్నది. ఏమివ్వాలి? బొమ్మల వయసు దాటిపోయింది. ఒక ఉపాయం చెబుతాను: నాలుగు రోజులు వాళ్ళు ఏమేమి ప్రశ్నలు అడుగుతున్నారో వినండి.

పూర్వం బొంబాయిలో సలీం అలీ అనే కుర్రవాడు బొమ్మ తుపాకితో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉన్నది! "ఇదేం పిట్ట?" అని ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్ళి అడిగాడు. అక్కడి కార్యదర్శి మిల్లర్డుగారు దాని పేరు చెప్పి, సంఘంలో దాచిన పక్షులన్నీ చూపించి, చదువుకోమని పుస్తకాలిచ్చారు. ఆ కుర్రవాడే పెద్దవాడై, 1941లో భారతదేశపు పక్షులను గురించి గొప్ప పుస్తకం వ్రాశాడు.

మీ అన్నయ్యకూ పిట్టలంటే ఇష్టమా? ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో ఒక నోటుపుస్తకం, పెన్సిలు కొనండి. మొదటి పేజీలో "కొల్లేటి పక్షులు" అని వ్రాయండి. చలికాలంలో పెద్దవాళ్ళను తీసుకొని, అన్నయ్యతో కైకలూరు దగ్గర ఆటపాకకు వెళ్ళండి. గూడబాతులు పిల్లలకు మేత ఎలా పెడుతున్నవో దూరంనుంచే చూసి వ్రాసుకోండి.

వస్తువు ధర ఎవరికీ గుర్తుండదు. "నా ప్రశ్న తమ్ముడు విన్నాడు" అన్న సంతోషం మాత్రం ఎన్నాళ్ళకూ పోదు.